లంకె లేని పుటలు

దినం 2,106

ఈ రోజు నుంచి కాగితం మీద రాస్తున్నాను. ఊరందరి లెక్కలూ ఉండే కంప్యూటర్ పలకలో ఒక్క అక్షరం దిద్దినా ఎవరు దిద్దారో, ఏ వేళకు దిద్దారో చరిత్రలో పడుతుంది. దాన్ని, ఓడలు కలిపి కట్టిన ఈ ఇనుపలంకలో ఉన్న ఆరువందల పన్నెండు మందిలో ఎవరైనా తెరిచి చూడొచ్చు. మూడో ఓడ కెప్టెన్ గదిలో ఒక పాత లాగ్ పుస్తకం దొరికింది. వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి. ఇది చూసేవాళ్లెవరూ లేరు.

నా పేరు మైలపల్లి దేముడమ్మ. పని, పుటల కాపరి. ఇక్కడ ప్రతి మనిషికీ పలకలో ఒక పుట ఉంటుంది. కొళాయి ముందు చెయ్యి పెడితే మణికట్టు బిళ్ల చూసి, పుట చూసి, గ్లాసులు లెక్కపెట్టి వదులుతుంది. పెద్దవాళ్లకు ఐదు. రోగులకు ఆరు.

పొద్దున్న ఇద్దరు పిల్లలకు జ్వరం తగ్గిందని కబురొస్తే వాళ్ల పుటల్లోంచి 'రోగి' వర్గం తీసేశాను. రెండో ఓడలో ఒకావిడ తన మరిది పుటలో 'సోమరిపోతు' అని రాసింది. వెనక్కి తిప్పాను. మళ్లీ రాసింది. మళ్లీ తిప్పాను. మూడోసారి పుటకు తాళం వేశాను. దిద్దుబాట్ల పోట్లాటలకు అదొక్కటే మందు. మా అమ్మ పుటకూ అలాగే తాళం పడింది. చావుకు కారణం దగ్గర నా తోడబుట్టిన అప్ప 'నీళ్లు అందక' అని రాసింది, నేను 'వృద్ధాప్యం' అని రాశాను. పన్నెండుసార్లు ఒకరిది ఒకరం చెరుపుకున్నాం. తాళం పడే వేళకు పైన ఉన్నది నా మాట. ఐదేళ్లయింది, అప్పతో మాటల్లేవు.

మధ్యాహ్నం బాయిలర్ గది పెద్ద గురయ్య మావ వచ్చాడు. చేతుల నిండా మసి.

"రెండోది కూడా పోనాది దేముడమ్మా. ఇంక ఒక్కటే ఉంది," అన్నాడు.

"బాగవదా మావా?"

"అడుగు రేకంతా తినీసింది ఉప్పు. ఏటి బాగు సేత్తాను?"

సముద్రపు నీళ్లు కాచి మంచినీళ్లు చేసే బాయిలర్లు మాకు మూడుండేవి. మొదటిది పోయిన ఏడాది పోయింది. దాన్నీ ఈ సంగతినీ కలిపి బాయిలర్ పుటలో రాసి భద్రపరిచాను. అరగంటలో డెక్కు మీద జనం గుంపులు కట్టారు.

దినం 2,109

సభ జరిగింది. పెద్ద నిర్వాహకుడు అర్జిల్లి ధనరాజు గారు గొంతు పెంచి మాట్లాడరు. ఆయన మాట్లాడితే మిగతావాళ్లు దగ్గడం మానేసి వింటారు.

"పలకలో మొదట్నుంచీ ఒక మీట ఉంది. మనం పెట్టింది కాదు. ఈ సాఫ్ట్‌వేరు రాసి లోకానికి ఉచితంగా వదిలేసిన వాళ్లెవరో పెట్టారు. దాని పేరు అనాథ పుటలు. మరే పుట నుంచీ లంకె లేని పుటల్ని అది వెతికి జాబితా ఇస్తుంది. చెత్త ఊడ్చుకోవడానికి పెట్టింది," అన్నారు.

తెర మీద ఒక పుట తెరిచి చూపించారు.

"మన పుటల్లో కుటుంబం, స్నేహితులు, పని తోడు అని గళ్లున్నాయి. ఆ గళ్లలో ఎవరూ పేరు రాయని మనిషి ఉన్నాడంటే ఆ మనిషి లేకపోతే ఎవరికీ లోటు లేదనే కదా? ఉన్న నీళ్లు అందరికీ చాలవు, కొందర్ని ఊరి నుంచి పంపక తప్పదు. ఎవర్ని పంపాలో నేను చెప్పను. మీలో ఎవరూ చెప్పక్కర్లేదు. మీరు ఇప్పటికే రాసుకున్నదే పలక చెబుతుంది."

ఓటు పెట్టారు. ప్రతివాళ్లూ తమ బిళ్లతో అవునో కాదో నొక్కారు. అవును మూడువందల పద్దెనిమిది, కాదు రెండువందల ఏడు.

నేను అవును అన్నాను. నా పుటకు పదకొండు లంకెలున్నాయి.

దినం 2,112

మొదటి జాబితా తీశాను. తొమ్మిది పుటలు. అందులో నాలుగు చచ్చిపోయినవాళ్లవి, మూసెయ్యడం మరిచిపోయాం. మిగిలినవి ఐదు.

జాబితాలో పడిన పుటను నిద్రపుచ్చుతాం. కొళాయి ఆగిపోతుంది. ఒక పడవ, ఐదు రోజుల నీళ్లు ఇచ్చి పడమటి కొండల వైపు పంపుతాం. అక్కడ నేల ఉందంటారు. పోయి వచ్చి చెప్పినవాళ్లు లేరు.

ఐదుగురికీ కబురు చెప్పే పని నాదే. తాళ్లు పేనే ముసలాయన ఒకడున్నాడు, సూరాడ అప్పన్న. ఓడల్ని ఒకదానికొకటి కట్టి ఉంచిన మోకుల్లో సగం ఆయన చేతివే. నేను చెప్పింది శ్రద్ధగా విని, "లంకంటే ఏటమ్మా?" అని అడిగాడు.

"మీ పేరు వేరేవాళ్ల పుటలో ఉండడం, తాతా."

"ఉండాలని నాకెవులూ సెప్పనేదే. సెప్పుంటే ఎవుల్నో ఒకల్ని అడుగుదును కదా."

ఇప్పుడు అడగడానికి వీల్లేదన్నాను. జాబితా తీశాక పడిన లంకెలు చెల్లవు. ఆయన పేనుతున్న తాడు చివర ముడి వేసి పక్కన పెట్టి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు.

దినం 2,118

మూడు రోజుల పాటు పలక పండగలా ఉంది. అందరూ అందరికీ లంకెలు పెట్టేశారు. దారిలో ఎదురైనవాళ్ల పేర్లు కూడా స్నేహితుల గడిలో రాసుకున్నారు. మా ఓడలో వంటమనిషికి నూట నలభై లంకెలు. అనాథ పుటల మీట నొక్కితే ఏమీ రాలేదు. నాకు నవ్వొచ్చింది. ఈ ఊళ్లో కొంచెం మంచితనం ఉందనుకున్నాను.

ధనరాజు గారు నవ్వలేదు.

దినం 2,120

కొత్త నియమం. లంకె అంటే పూచీ. ఎవరి పేరు నీ పుటలో ఉంటే వాళ్లకు నువ్వు పూచీ. అలాంటి ప్రతి పేరుకూ నీ నీళ్లలోంచి రోజుకు అర గ్లాసు కోత. సొంత పిల్లలకు మాత్రం కోత లేదు. మళ్లీ ఓటు. ఈసారి అవును ఇంకా ఎక్కువ.

సాయంత్రానికి పలక ఖాళీ అయిపోవడం మొదలైంది. పలకలో కాపలా అని ఒక సదుపాయం ఉంది. నీ పుటకు సంబంధించి ఎవరేం మార్చినా నీ బిళ్ల చిన్నగా మోగుతుంది. ఈ సాయంత్రం ఓడలన్నీ కీచురాళ్లు పట్టినట్టు మోగాయి. డెక్కు మీద ఇద్దరు నిలబడి మాట్లాడుకుంటుంటే ఒకడి బిళ్ల మోగేది. అతను చూసుకుని, ఎదుటివాడి మొహం చూసి వెళ్లిపోయేవాడు.

దాన్నీ తప్పించుకునే దారి కనిపెట్టారు. దిద్దుబాటు భద్రపరిచేటప్పుడు కింద 'చిన్న దిద్దుబాటు' అని ఒక గడి ఉంటుంది. అక్షర దోషాలు సరిచేసినప్పుడు దానికి టిక్కు పెడతారు. టిక్కు పెడితే బిళ్ల మోగదు. చీకటి పడేసరికి మొగుడు అత్త పేరు తీసేసినా, అన్న తమ్ముడి పేరు తీసేసినా అన్నీ చిన్న దిద్దుబాట్లే. నాకు మాత్రం అన్నీ కనిపిస్తాయి.

నా పదకొండులో నాలుగు మిగిలాయి. నేనూ ఆరు పేర్లు తీసేశాను. టిక్కు పెట్టే తీశాను.

దినం 2,121

నాతో పాటు పనిచేసే ఇంకో కాపరి నీళ్లు పుచ్చుకుని లంకెలు ఇస్తున్నట్టు తేలింది. ఈ రోజు నుంచి పుటల కాపరులు ఇచ్చే లంకెలు లెక్కలోకి రావు.

ఆ మాట వినగానే నాకు అప్ప గుర్తొచ్చింది. ఆమెకు పెళ్లి లేదు, పిల్లల్లేరు. నా లంకె ఇక చెల్లదు కాబట్టి ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్నే లేదు. నిజం రాసుకుంటున్నాను కాబట్టి రాస్తున్నాను, గుండెల మీద బరువు దిగినట్టయింది.

దినం 2,126

గురయ్య మావ వచ్చాడు. ఆయనకు టైపు రాదు.

"నా పుటలో ఆ ఏడు ఉంది సూడు, దాన్ని నాలుగు సెయ్యి. రేకుల కుట్టు దగ్గిర ఆవిరి కారతంది. నాలుగు దాటితే ఒప్పుకోదు," అన్నాడు.

ఒత్తిడి ఎంత దాకా పెంచొచ్చో బాయిలర్ గదిలో బోర్డు మీద కనిపించే అంకె ఆ గది పెద్ద పుటలోంచే వస్తుంది. ఒకచోట మారిస్తే రెండుచోట్లా మారుతుంది. ఏడు కొట్టేసి నాలుగు పెట్టి భద్రపరిచాను.

ఆయన వెళ్లకుండా నిలబడ్డాడు.

"ఇంకోటి కూడా సెయ్యాలి. సింహాచలం పేరు తీసీమ్మా."

సింహాచలం మా అప్ప. సముద్రంలో మునిగి ఓడల అడుగున పట్టిన నత్తగుల్లలు గీకే పని ఆమెది. ఆమె తాడు కొస పైన పట్టుకుని కూర్చునేది ఏళ్ల తరబడి గురయ్య మావే.

"మావా, ఆమెకి ఉన్నది నీదొక్కటే."

"తెల్సు. మా కోడలు కడుపుతో ఉందమ్మా. అర గ్లాసంటే అర గ్లాసే." ఆయన తల ఎత్తలేదు. "నాను సెప్పుకోనేను ఆ మనిసికి. టిక్కెట్టీ."

టిక్కు పెట్టి తీసేశాను.

దినం 2,128

అప్ప దగ్గరికి వెళ్లాను. నాలుగో ఓడ చివర కూర్చుని గీకుడు కత్తికి పదును పెడుతోంది. తల వెంట్రుకలు పూర్తిగా తెల్లబడ్డాయి. ఎవరూ చెప్పలేదు నాకు.

"గురయ్య మావ నీ పేరు తీసేశాడు," అన్నాను.

"తీసీడా." కత్తి ఆపలేదు. "మంచి పని సేసినాడు. ఆ గుంట కడుపుతో ఉంది."

"మూడు రోజుల్లో జాబితా. ఎవరినైనా అడుగు అప్పా. నేను ఇచ్చినా చెల్లదు."

"సెల్లినప్పుడు ఇచ్చీవేటి?"

కత్తిని తిప్పి రెండో వైపు రుద్దడం మొదలుపెట్టింది.

"ఎవుల్నీ అడగను. ఒకల నోటికాడి నీళ్లు నాకొద్దు. నివ్వెల్లు. ఎండెక్కతంది," అంది. ఐదేళ్ల తర్వాత మేం మాట్లాడుకున్నది అంతే.

దినం 2,130

రేపు జాబితా. చెయ్యబోతున్నదాని గురించి రాయడం లేదు. చేసేశాను.

మధ్యాహ్నం ధనరాజు గారు బాయిలర్ రేకుల సంగతి చూడ్డానికి రెండో ఓడకు వెళ్లారు. గదిలో నేనొక్కదాన్నే. ఒక పుటలోనైతే ఒక దిద్దుబాటు వెనక్కి తిప్పొచ్చు. ఒక వర్గం మొత్తాన్ని కూడా ఒక తేదీకి వెనక్కి తిప్పొచ్చు. గురయ్య మావ పుట ఒక్కటే తిప్పితే ఎవరి కోసం చేశానో అందరికీ తెలిసిపోతుంది, గంటలో మళ్లీ తీసేస్తారు. అందుకే 'జనం' వర్గం ఎంచుకుని తేదీ 2,118 పెట్టాను. అందరూ అందరి పేర్లూ రాసుకున్న రోజు. మొత్తం మారిపోతే జనం ఒక్కసారి ఆగి చూసుకుంటారని, సిగ్గుపడతారని అనుకున్నాను.

పదకొండు నిమిషాలు పట్టింది. అయ్యాక అనాథ పుటల మీట నొక్కాను. ఏమీ రాలేదు. అప్ప పుట తెరిచాను. గురయ్య మావ పేరు ఉంది.

సాయంత్రం గోల మొదలైంది. తీసేసిన పేర్లు తిరిగొచ్చి నీళ్లు తగ్గిపోయాయని తిట్లు. ఎవరూ సిగ్గుపడలేదు. ధనరాజు గారు రేపు పొద్దున్న సభలో చూద్దామన్నారు. నా వైపు చూడలేదు.

దినం 2,131

బాయిలర్ పేలింది.

పొద్దున్న మొదటి పాళీలో పైడమ్మ అని కొత్తగా చేరిన మనిషి. ఇద్దరు పిల్లల తల్లి. బోర్డు మీద ఏడు ఉంది. ఏడు వరకు మంట పెంచింది. ఆమె తప్పేమీ లేదు, నిన్న పొద్దున నాలుగున్న చోట ఇవాళ ఏడుంటే బాగుచేశారనుకుంది. టిఫిను తింటున్న గురయ్య మావ కాలి కింద రేకు వణకడం గమనించి పరిగెత్తాడు. కోడలు వద్దని కేకలేసినా ఆగలేదట. ఆవిరి వదిలే చక్రం సగం తిప్పాడు. ఆ సగం వల్లే ఓడ మిగిలిందంటున్నారు.

పైడమ్మను గుర్తుపట్టడానికి బిళ్ల చూశారు. గురయ్య మావకు మొహం బాగానే ఉంది, కళ్లు తెరిచే ఉన్నాయి. మిగతా ఒళ్లు కప్పి ఉంచారు. కోడలు దుప్పటి ఎత్తబోతే ఇద్దరు ఆడవాళ్లు పట్టుకున్నారు.

నేను టైపు చేసిన నాలుగును నేనే ఏడు చేశాను. అప్పటికి నాలుగు రోజుల కిందటి సంగతే. వర్గం ఎంచుకున్నప్పుడు, తేదీ పెట్టినప్పుడు, ఆ పదకొండు నిమిషాలు చూస్తూ కూర్చున్నప్పుడు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

దినం 2,133

ధనరాజు గారు పిలిచారు. బల్ల మీద తెర తిప్పి చూపించారు. ఆరువందల నాలుగు పుటలు, ఒకే వరుస, ఒకే పేరు.

"చరిత్రలో నీ పేరుంది."

"తెలుసండి."

"నేను దాన్ని వెనక్కి తిప్పేశాను. నాక్కూడా పదకొండు నిమిషాలే పట్టింది." తెర ఆర్పేశారు. "నిన్ను పడవెక్కించమని ఊరంతా అంటోంది. నీ పుటకు మిగిలిన నాలుగు లంకెలూ పొద్దున్నే పోయాయి, చూసుకున్నావా?"

చూసుకున్నానన్నాను. పంపెయ్యమన్నాను. ఆ మాట నిజంగానే అన్నాను.

"పంపేస్తే జాబితా ఎవరు తీస్తారు? కబురు ఎవరు చెబుతారు? నేనా?" ఆయనకు అసలు కోపమే లేదు. "పేలిన దాని రేకులు రెండోదానికి వేస్తున్నారు. నీళ్లు సగం వస్తే గొప్ప. ఇక వారానికో జాబితా కావాలి. ఈ పని చెయ్యగలిగేవాళ్లు ఊళ్లో ఇద్దరే. రెండో కాపరి పోయిన వారమే పడవెక్కాడు."

ఆయన బిళ్ల తీసి నా ముందే తన పుట తెరిచి, పని తోడు గడిలో నా పేరు రాసుకున్నారు. భద్రపరిచారు. నా బిళ్ల మోగింది.

"రోజుకు అర గ్లాసు నా వాటాలోంచి నీ పేరున పోతుంది. గుర్తుంచుకో. ఇక నీకు చూసే అనుమతి ఒక్కటే ఉంటుంది, జాబితా తీసే మీట ఉంటుంది. దిద్దే అనుమతి తీసేశాను."

పైడమ్మ పిల్లలిద్దరూ గది బయట కూర్చుని ఉన్నారు. వాళ్లను ఎవరి పుటలో రాయాలో తేలలేదట. నేను వాళ్ల ముందు నుంచే వెళ్లాలి. వెళ్లాను.

దినం 2,137

జాబితా తీశాను. ఏడు పుటలు. నాలుగోది మైలపల్లి సింహాచలం.

ఆరుగురికి ముందు చెప్పాను. ఒకాయన నా మొహం మీద ఉమ్మాడు. తుడుచుకుని ఆఖరికి నాలుగో ఓడకు వెళ్లాను. నన్ను చూడగానే అప్ప గీకుడు కత్తి ఒరలో పెట్టేసి, "ఎప్పుడు?" అంది.

"రేపు పొద్దున."

"సరే."

"అప్పా, గురయ్య మావ..."

"తెల్సు. ఊరంతా సెప్పుకుంతన్నాది. నాకోసం సేసినావంట." ఒరలోని కత్తిని పక్కన పెట్టింది. "నాను అడిగినానా నిన్ను? ఆడు తాడు పట్టుకుంతే నాకు కింద బయమేసీది కాదు. ఈ ఓడల మీదికి రాకముందు నించీ, పదారేళ్లు. ఒక్కపాలి కూడా జారనివ్వనేదు. ఆ మనిసిని సంపీసి నన్ను బతికిద్దామనుకున్నావా?"

నేను ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాను. ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది. కొట్టి ఉంటే బాగుండేది.

దినం 2,138

నిచ్చెన దగ్గర పేర్లు చదివాను. ఒక్కొక్కరే దిగారు. అప్ప నాలుగో మనిషి. రెండు మెట్లు దిగి ఆగింది.

"నాలుగో ఓడ కింద, ముందు వైపు నించి మూడో రేకు. పలసబడిపోనాది. ఏలెడితే లోపలికెల్తంది. వర్సాలకి ముందే అతుకెయ్యాలి. ఎవులికైనా సెప్పు," అంది.

"నిన్ను పంపేస్తున్నవాళ్లకి ఎందుకు చెబుతున్నావు?"

"రేకుకేటి తెల్సు, ఎవుల పుట నిద్దరోతందో." ఇంకో మెట్టు దిగింది. "పిల్లలున్నారు ఆ ఓడలో. మూడో రేకు. మరిసిపోకు."

పడవలో కూర్చున్నాక తెడ్డు మొదట తనే పట్టుకుంది. మిగతావాళ్లలో ఎవరికీ వేసే అలవాటున్నట్టు లేదు. వెనక్కి తిరిగి చూడలేదు. ఎండ నీళ్ల మీద పడి కళ్లు చెదిరి, ఎప్పుడు కనపడకుండా పోయిందో తెలియలేదు.

గదికి వెళ్లి నాలుగో ఓడ పుట తెరిచి మూడో రేకు సంగతి రాశాను. భద్రపరచు నొక్కితే, ఈ పుటను దిద్దే అనుమతి మీకు లేదు అని వచ్చింది. ధనరాజు గారికి నోటితో చెప్పాను. పుట కింద చర్చలో ఎవరి చేతైనా పెట్టించు, మూడు రోజుల్లో ఎవరూ కాదనకపోతే చూద్దామన్నారు. నాలుగో ఓడకు నడిచి వెళ్లి అక్కడివాళ్లకు చెప్పబోయాను. నన్ను చూసి తలుపులు వేసుకున్నారు. సుద్దముక్క దొరికితే మెట్ల పక్క గోడ మీద పెద్ద అక్షరాలతో రాశాను. నేను తిరిగి ఎక్కుతుంటే ఒకామె తడిగుడ్డతో దాన్ని తుడిచేస్తోంది. ఏం రాశానో చదవలేదు. ఎవరు రాశారో చూసింది, అంతే.

మధ్యాహ్నం దాహం వేసింది. వెళ్లకూడదనుకున్నాను. కొళాయి వరుసలో నిలబడితే ముందున్నవాళ్లూ వెనకున్నవాళ్లూ జరిగి చోటిచ్చారు, తగలకుండా. నా వంతు వచ్చింది. చెయ్యి పెట్టాను. బిళ్ల చూసింది. పుట చూసింది. నీళ్లు వదిలింది.

తాగాను. గ్లాసు అడుగున చుక్క కూడా మిగల్చలేదు.